చల్లదనమీయని ఏసీ: మెకానిక్కు రాకమునుపు గృహిణి చేయదగిన పరీక్షలు

రోహిణీకార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దలు చెప్పుచుండిరి. ఆ మాట యెంత నిజమో కాప్రా ప్రాంతమున నివసించు సోదరీమణులకు మేము వేఱుగ చెప్పనక్కఱలేదు. మౌలాలీ గుట్ట మొదలుకొని ఆ ప్రాంతమంతయు రాతినేల. దానిపై వరుసగ సిమెంటు మిద్దెలు. పగలెల్ల త్రాగిన యెండను రాయియు సిమెంటును రాత్రి చాల ప్రొద్దుపోవువఱకు మెల్లమెల్లగ విడుచుచునే యుండును. హైదరాబాదు నగరమున 1966 జూన్ 2వ తేదీన వేడిమి 45.5 డిగ్రీలవఱకు పోయినది. అంతటి దినములు అరుదైనను, 40 డిగ్రీలు దాటు దినములు మనకు క్రొత్తవి కావు.

పూర్వము వేసవి వచ్చినచో వాకిట వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లుకొనుచుంటిమి. పిమ్మట కూలరులు వచ్చినవి. ఇప్పుడు మధ్యతరగతి యిండ్లలో సైతము ఒక గదికైనను ఏసీ యుండుట సామాన్యమైనది. దానిని భోగవస్తువని నిందించుట తగదు. పై యంతస్తున పడమటి గోడ ప్రక్క పరుండు ముదుసలి అత్తగారికి, ఉక్కకు నిద్రపట్టక యేడ్చు పసిబిడ్డకు, నిండు గర్భిణికి అది నిజముగ నొక యాదరువు.

అట్టి యంత్రము ఒకనాటి మధ్యాహ్నము చల్లగాలికి మాఱుగ వట్టిగాలి విసరజొచ్చును. గృహిణి కంగారుపడి మెకానిక్కునకు ఫోను చేయును. ఆతడు వచ్చి, అయిదు నిమిషములు చూచి, "గ్యాసు అయిపోయిందమ్మా, నింపాలి" అనును. ఆమె మాఱుమాటాడక కొన్ని వేల రూపాయలు లెక్కపెట్టి యిచ్చును. ఒక నెల గడచునప్పటికి గది మరల మొదటివలెనే యుక్కపోయుచుండును. ఇది మనలో పెక్కుమంది యెఱిగిన కథయే.

మెకానిక్కులందఱును మోసగాండ్రని మా యభిప్రాయము కాదు. మండుటెండలో మూడవ యంతస్తు గోడకు వ్రేలాడుచు పనిచేయు ఆ శ్రామికులలో నిపుణులును న్యాయపరులును పెక్కురు కలరు. కాని తన యింటి వస్తువు సంగతి తన కేమియు తెలియనప్పుడు, మంచి పనివానికిని మాటకారికిని గల భేదమును గృహిణి కనిపెట్టుట యెట్లు? అందుచేత ఏసీ చల్లబఱచకపోవుటకు గల కారణములను, వానిని వరుసగ పరీక్షించు విధమును ఈ వ్యాసమున తెలుపబూనితిమి.

కాప్రా పేరు చెప్పగనే తలపునకు వచ్చునది ఈసీఐఎల్ చౌరస్తా. 1967లో స్థాపింపబడిన ఆ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1969లోనే టీడీసీ-12 అను కంప్యూటరును నిర్మించినది. దాని స్థాపకులైన అయ్యగారి సాంబశివరావుగారి పేరనే ఏ.యస్. రావు నగరు వెలసినది. అట్టి యంత్రములు పుట్టిన చోట నివసించు స్త్రీలు ఒక ఏసీ మూత తెఱచి చూచుటకు జంకవలసిన పని లేదు గదా!

ఏసీ చలిని పుట్టించునా?

మొదట నొక మూలసూత్రమును గ్రహింపవలెను. ఏసీ చలిని పుట్టించు యంత్రము కాదు. గదిలోని వేడిని మోసికొనిపోయి బయట పాఱవేయు యంత్రము.

మట్టికుండలో నీరు చల్లబడుట మనకు తెలిసినదే. కుండ పైపొరనుండి నీరు ఊటగ వచ్చి ఆవిరియగును. ఆవిరియగునప్పుడు లోపలి నీటి వేడిని గైకొనిపోవును. ఏసీలోని గ్యాసు చేయు పనియు నిదియే. గోడకు తగిలించిన లోపలి పెట్టెలో సన్నని గొట్టములు గలవు. వానిలో ఆ ద్రవము ఆవిరియగుచు గదిలోని వేడిని త్రాగును. బయటి పెట్టెలోని కంప్రెసరు ఆ యావిరిని గట్టిగ నొత్తి వేడెక్కించును. అది బయటి గొట్టములలో ప్రవహించుచు తన వేడిని వీధిలోని గాలికి విడిచి, మరల ద్రవమై లోపలికి వచ్చును.

కుండకును ఏసీకిని ఒక ముఖ్యభేదము కలదు. కుండలోని నీరు ఆవిరియై పోవును గనుక దినదినమును పోయవలెను. ఏసీలోని గ్యాసు మూసిన గొట్టములలోనే తిరుగుచుండును. ఎన్నియేండ్లు నడచినను అది ఖర్చుకాదు. వంటగ్యాసు బండవలె అది "అయిపోవు" వస్తువు కానేకాదు. ఎచ్చటనో రంధ్రము పడిననే తప్ప అది తగ్గదు. ఈ యొక్క సంగతిని మఱవకుండిన గృహిణి యనవసరవ్యయములో చాలభాగము తప్పించుకొనగలదు.

కాబట్టి గది చల్లబడనప్పుడు మనము మూడు ప్రశ్నలు వేసికొనవలెను. లోపలి పెట్టె వేడిని గ్రహించుచున్నదా? బయటి పెట్టె ఆ వేడిని విడువగలుగుచున్నదా? యంత్రము మోయగలిగిన దానికంటె ఎక్కువ వేడి గదిలోనికి వచ్చుచున్నదా? ఈ మూటికిని గాలి, దుమ్ము, ఎండ యనునవే మొదట చూడదగినవి. గ్యాసు మాట కట్టకడపటిది.

మొదట రిమోటు, పిదప గది

నవ్వవలదు, మొట్టమొదట రిమోటును చూడుడు. దానిపై మంచుపువ్వు గుఱుతున్నచో యంత్రము చల్లబఱచు పనిలో నున్నట్లు. ఫ్యాను గుఱుతు మాత్రమే యున్నచో అది వట్టిగాలిని త్రిప్పుచున్నది. నీటిబొట్టు గుఱుతు తేమను తీయుటకు. దానివలన గది మండువేసవిలో తగినంత చల్లబడదు. పిల్లలు ఆడుకొనుచు నొక మీట నొక్కినను ఈ గుఱుతు మాఱును. రిమోటులోని బ్యాటరీలు నీరసించినను మన యాజ్ఞ యంత్రమునకు చేరదు.

వేడిమి యంకెను 16కు దింపినచో గది వెంటనే చల్లబడునని చాలమంది యనుకొందురు. పాతరకపు యంత్రములలో 16 పెట్టినను 24 పెట్టినను వచ్చు గాలి చల్లదన మొక్కటియే. యంత్రము ఆగు సమయము మాత్రమే మాఱును. 2020 జనవరి 1 మొదలుకొని స్టారు గుఱుతుగల ఏసీలన్నియు మొదట తెఱచినప్పుడు 24 డిగ్రీలయందే యుండునట్లు కేంద్రప్రభుత్వము నిబంధన చేసినది. ఒక్కొక్క డిగ్రీ పెంచినకొలది సుమారు నూటికి 6 వంతుల కరెంటు కలిసివచ్చునని ఇంధన సామర్థ్య సంస్థవారు చెప్పుచున్నారు. 24 లేక 26 డిగ్రీలయందుంచి, పై ఫ్యానును మెల్లగ త్రిప్పుకొనుట సుఖమునకును, పొదుపునకును మేలు.

తరువాత గదిని చూడవలెను. కూలరు వాడినవారికి కిటికీ తెఱచియుంచుట యలవాటు; కూలరున కది యవసరము గూడ. ఏసీకి అది విరోధము. తలుపు క్రింది సందు, కిటికీ రెక్కల నడిమి సందు, బాత్రూము ఫ్యాను రంధ్రము, వీనిగుండ వీధి వేడి లోనికి వచ్చుచుండగా యంత్రమెంత మోసినను తఱగదు. పాత చీర నొకదానిని చుట్టగ చుట్టి తలుపు క్రింద నుంచినను చాల మార్పు కనబడును. పడమటి కిటికీకి దళసరి తెఱ మధ్యాహ్నమునకు ముందే దింపుట మంచిది. ఎండ లోనికి వచ్చిన పిమ్మట దింపుట వలన లాభము కొంచెమే.

టన్ను అను మాటయు తెలిసికొనదగినది. అది యంత్రము బరువును, గ్యాసు బరువును కాదు. సుమారు 907 కిలోల మంచుగడ్డను ఇరువదినాలుగు గంటలలో కరగించుటకు వలయునంత వేడిని తొలగించు శక్తికి ఒక టన్ను అని పేరు. ఈ శక్తిని కంపెనీలవారు బయట 35, గదిలో 27 డిగ్రీలున్నప్పుడు కొలిచి చెప్పుదురు. బయట 42 డిగ్రీలు మండుచున్నప్పుడు అదే యంత్రము శక్తి కొంత తగ్గును. అదే సమయమున గదిలోనికి వచ్చు వేడి హెచ్చును. కావున మే నెల రెండు గంటల వేళ గది 18 డిగ్రీలకు దిగలేదని యంత్రమును తప్పుపట్టరాదు. అదే గది రాత్రి పదిగంటలకు చక్కగ చల్లబడుచున్నచో లోపము యంత్రమున గాక మిద్దెలో నున్నదని తెలియవలెను.

పై యంతస్తువారు కప్పుమీద తెల్లని సున్నముగాని, వేడి నెగురగొట్టు తెల్లరంగుగాని వేయించుకొనిన చాల మేలు. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమునే ప్రకటించినది. మన తాతలు వేసవి ముందు మిద్దెకు సున్నము కొట్టించుటలోని యర్థమిదియే.

జల్లెడ కడుగుట

రిమోటును గదియును సరిగ నున్నచో చూడవలసినది ఫిల్టరు, అనగా లోపలి పెట్టెలోని సన్నని జల్లెడ. దుమ్ముపట్టిన జల్లెడ గాలిని లోపలికి పోనీయదు. గాలి పోనిదే వేడి గొట్టములకు చేరదు. ఏసీ చల్లబఱచకుండుటకు ఇది మిక్కిలి సామాన్యమైన కారణము. దీని ఖర్చు శూన్యము.

చేయు విధమిది. మొదట గోడ స్విచ్చిని ఆపవలెను. రిమోటుతో నాపిన చాలదు. పెట్టె ముందరి మూతను రెండు ప్రక్కల పట్టుకొని మెల్లగ పైకెత్తవలెను. లోపల రెండు జల్లెడలు కానవచ్చును. వానిని కొంచెము పైకినెట్టి క్రిందికి లాగినచో వచ్చును. పై దుమ్మును మెత్తని బ్రష్షుతో దులిపి, దుమ్ముపట్టని ప్రక్కనుండి చన్నీరు పోయవలెను. జిడ్డున్నచో కొంచెము సబ్బునీరు చాలును. వేడినీరు పోసిన జల్లెడ వంగిపోవును. నీడను బాగుగ నారిన పిమ్మట మరల నమర్పవలెను. తడిగ నున్నప్పుడు పెట్టరాదు.

వేసవిలో రెండు వారములకొకసారి యిట్లు చేయుట యుత్తమము. ఇరుగుపొరుగున ఇండ్లు కట్టుచున్నచో, వీధి త్రవ్వుచున్నచో, వారమునకొకసారి చూచినను తప్పులేదు. జల్లెడ తీసినప్పుడు వెనుక సన్నని రేకులు కనబడును. అవి బూజుపట్టి నల్లబడియున్నచో లోతుగ కడిగింపవలసిన సమయము వచ్చినట్లు. ఆ పనిని మెకానిక్కునకే విడువవలెను. రేకులంచులు చేతిని కోయును, చీపురుపుల్ల తగిలిన వంగిపోవును.

బయటి పెట్టె సంగతి

ఇల్లాండ్రలో చాలమంది లోపలి పెట్టెను మాత్రమే యెఱుగుదురు. గదిలోని వేడియంతయు బయటి పెట్టెనుండియే పోవలెనన్న సంగతిని మఱతురు. బాల్కనీలో దానిముందు తడిబట్టలు ఆరవేయుదురు. పాత మంచపు కోళ్ళు, అట్టపెట్టెలు చేర్చుదురు. పావురములు వెనుక గూళ్ళు కట్టును. తన వేడిగాలి ముందరి గోడకు తగిలి మరల తన ముఖముననే పడుచున్నచో ఆ పెట్టె యేమి చేయగలదు? ముందు కనీసము 2 అడుగుల చోటు విడిచి, వెనుకను ప్రక్కలను గాలి పోవునట్లు చూడవలెను. ఎండ తగులకుండ పైన చిన్న నీడ కట్టవచ్చును, నలువైపుల కప్పివేయరాదు.

ఏసీని నడిపించి, కొన్ని నిమిషములైన పిమ్మట, దూరముగ నిలిచి ఆ పెట్టెముందు చేయిచాచి చూడుడు. వేడిగాలి జోరుగ వచ్చుచున్నచో కంప్రెసరు పనిచేయుచున్నదని చెప్పవచ్చును. ఫ్యాను తిరుగుచున్నను గాలి వీధిగాలివలెనే యున్నచో కంప్రెసరు నడచుట లేదు, లేదా గ్యాసు చాల తగ్గినది. ఫ్యానే తిరుగకున్నచో, లేక పెట్టె "హుమ్" అని మూలిగి టక్కున ఆగిపోవుచున్నచో, కెపాసిటరు అను చిన్న భాగము చెడియుండవచ్చును. కంప్రెసరు వెలతో పోల్చిన దాని వెల స్వల్పము. "కంప్రెసరు పోయింది" అని చెప్పినవానిని "కెపాసిటరు పరీక్షించితివా నాయనా?" అని యడుగుట మన హక్కు.

అయితే ఆ పెట్టెను గృహిణి తానై విప్పరాదు. కెపాసిటరులో కరెంటు ఆపిన పిమ్మట గూడ కొంతసేపు విద్యుత్తు నిలిచియుండును, తాకిన ప్రాణాపాయము. గోడకు వ్రేలాడు పెట్టెను తుడువబోయి కిటికీ బయటికి వంగుటయు తగదు. గట్టుమీద చేతికందు చోటనున్న పెట్టె రేకుల దుమ్మునైతే, మెయిను స్విచ్చి నాపి, మెత్తగ నీరుపోసి కడుగవచ్చును. బోరునీటిలో లవణములెక్కువైనచో అవి రేకులపై తెల్లని పొరగ పేరుకొనును గాన మంచినీరు వాడుట మేలు.

థర్మామీటరు చెప్పు సాక్ష్యము

ఇంతవఱకు చేసినను సందేహము తీరనిచో ఒక పరీక్ష కలదు. జ్వరము చూచునది కాక, గది వేడిమిని చూపు థర్మామీటరును సంపాదింపుడు. తలుపులు మూసి, మంచుపువ్వు గుఱుతు పెట్టి, అంకెను బాగుగ దింపి, ఫ్యాను జోరుగ నుంచి, పదునైదు ఇరువది నిమిషములు నడుపుడు. పిమ్మట లోపలి పెట్టె పైభాగమున గాలి లోనికి పోవుచోట ఒకసారియు, క్రింద గాలి వచ్చుచోట ఒకసారియు వేడిమిని చూచి వ్రాసికొనుడు.

రెంటికిని 8 నుండి 12 డిగ్రీలవఱకు భేదమున్నచో యంత్రము తన పని చేయుచున్నట్లే. లోపము గదిలో వెదకవలెను. 4, 5 డిగ్రీలకు మించనిచో యంత్రమున దోషము కలదు. వానకాలమున గాలిలో తేమ యెక్కువగ నుండును గనుక భేదము కొంత తగ్గుట సహజము. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో విల్లిస్ కారియర్ అను ఇంజనీరు ఈ యంత్రమును ఒక ముద్రణాలయమున కాగితములు తేమకు సాగకుండుటకై కల్పించెను. నేటికిని యంత్రశక్తిలో నొక భాగము తేమను నీరుగ మార్చుటకే పోవును.

ఆ నీరు గొట్టముగుండ బయటికి పోవలెను. గదిలో కాఱుచున్నచో ఆ గొట్టము పాచిపట్టి మూసికొనినదన్నమాట. ఆ నీటిని బకెటులో పట్టి మొక్కలకు పోయవచ్చును, నేల తుడువవచ్చును, త్రాగరాదు.

ఒక్కొక్కప్పుడు లోపలి గొట్టములపై మంచు గడ్డకట్టును. "ఇంత మంచున్నది, మఱి గది చల్లబడదేమి?" యని గృహిణి యాశ్చర్యపడును. మంచుపొర గాలి కడ్డుగోడయగును. జల్లెడ మూసికొనుటగాని, గ్యాసు తగ్గుటగాని దీనికి కారణము. చల్లబఱచు పనిని ఆపి, ఫ్యానును మాత్రము కొన్ని గంటలు త్రిప్పి మంచును కరగనీయవలెను. కత్తితో గీకరాదు, గొట్టము చిల్లుపడినచో అప్పుడు నిజముగనే గ్యాసు పోవును. జల్లెడ కడిగి నడిపిన పిమ్మటను మంచు మరల కట్టినచో మెకానిక్కును పిలువవలసినదే.

కరెంటు విషయమున జాగ్రత్త

వేసవి సాయంకాలములందు వీధివీధినంతయు ఏసీలు నడచుచుండగా వోల్టేజి తగ్గుచుండును. 230 ఉండవలసినది చాల తగ్గినచో కంప్రెసరు మొదలుకాలేదు. పగలు చల్లబఱచి సాయంకాలము చల్లబఱచని ఏసీకి ఇదియొక కారణము. ఇరుగుపొరుగువారి నడిగినచో తెలిసిపోవును. కరెంటు పోయి వచ్చినప్పుడు కంప్రెసరు వెంటనే కదలదు. మూడు నిమిషములవఱకు ఆగి మొదలిడును. అది లోపము కాదు, రక్షణ.

ఏసీకి 16 ఆంపియర్ల సాకెట్టు, ప్రత్యేకమైన వైరు, మంచి ఎర్తు ఉండవలెను. పొడుగు వైరుబోర్డులకు తగిలింపరాదు. ప్లగ్గు చేతికి వేడిగ తగిలినను, నల్లబడినను, కాలినవాసన వచ్చినను, ఎం.సీ.బీ. మాటిమాటికి పడిపోవుచున్నను, మఱియొకసారి వేసి చూతమని ప్రయత్నింపక వెంటనే ఆపి, పనివానిని పిలువవలెను. గది చల్లబడకున్నను బ్రతుకవచ్చును. ఇంటికి నిప్పంటుకొనుట వేఱు మాట.

గ్యాసు మాట వచ్చినప్పుడు

పై పరీక్షలన్నియు చేసిన పిమ్మట, గ్యాసే తగ్గినదని తేలవచ్చును. గొట్టముల అతుకులయొద్ద మఱలు సడలుటవలనను, సన్నని చిల్లులవలనను అట్లు జరుగును. మురుగుకాలువల దగ్గఱనున్న ఇండ్లలో ఆ మురుగు ఆవిరులకు రాగి చెడి చిల్లులు పడుటయు కలదు. అతుకులయొద్ద నూనెమరక కనబడిన అది గట్టి గుఱుతు. అప్పుడు మెకానిక్కును మన్ననతోనే ఈ ప్రశ్న లడుగవలెను.

మొదటిది: "గ్యాసు ఎచ్చటనుండి పోయినది?" చోటు చూపకుండ నింపుట చిల్లుకుండలో నీరు పోయుటయే. నైట్రోజను వాయువును గొట్టములలో నింపి, అతుకులకు సబ్బునురుగు పూసినచో, చిల్లున్నచోట బుడగలు లేచును. ఆ బుడగను మన కన్నులతో చూడవలెను.

రెండవది: "మరమ్మతు పిమ్మట వాక్యూము పంపు పెట్టుదువా?" గొట్టములలోని గాలిని తేమను పూర్తిగ లాగివేయనిదే క్రొత్తగ్యాసు నింపరాదు. దానికి కొంత సమయము పట్టును. ఆ పంపు తేకుండ వచ్చినవాడు సగము పనియే చేయును.

మూడవది: "ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు?" బయటి పెట్టెమీది రేకుపై గ్యాసు పేరును తూకమును వ్రాసియుందురు. పాత యంత్రములలో ఆర్-22, తరువాతివానిలో ఆర్-410ఏ, ఇటీవలివానిలో చాలవఱకు ఆర్-32 ఉండును. ఒకదానికి మాఱుగ మఱియొకటి నింపరాదు. త్రాసుపై తూచి నింపుట సరియైన పద్ధతి. ఆర్-32 కొంతమట్టుకు మండు గుణము గలది; ఆర్-290 యనునది బాగుగ మండును. పని జరుగుచున్నంతసేపు కిటికీలు తెఱచి, దీపము, అగరువత్తి, పొయ్యి దగ్గఱ లేకుండ చూడవలెను, పిల్లలను రానీయరాదు.

నాలుగవది: "రసీదులో ఏమి వ్రాసెదవు?" చిల్లు ఎచ్చట మూసినది, ఎంత గ్యాసు పోసినది, ఎన్నినాళ్ళకు పూచీ యనునవి వ్రాయించుకొనవలెను. కొనినప్పటి వారంటీ కాగితమును ముందుగ వెదకి చూడుడు. కంప్రెసరునకు వేఱుగ ఎక్కువ యేండ్ల పూచీ యుండుట కలదు. అన్యాయము జరిగినదని తోచినచో వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 అను నెంబరున ఫిర్యాదు చేయవచ్చును.

ఈ నాలుగు ప్రశ్నలకు మంచి పనివాడు కోపగింపడు. తన పనిని తెలిసినవారు చూచుచున్నారని సంతోషించును. తడబడువానిని మర్యాదగ పంపివేయుటయే మేలు.

మెకానిక్కు వచ్చునంతవఱకు

వేసవిలో ఒక్కొక్కప్పుడు మెకానిక్కు రెండుమూడు దినములవఱకు రాడు. ఆ దినములలో యంత్రముకంటె మనుష్యులు ముఖ్యము. ముదుసలులను, పసివారిని పగటివేళ పై యంతస్తునుండి క్రింది గదికి మార్పవలెను. పగలు కిటికీలు మూసి తెఱలు దింపి, రాత్రి చల్లబడిన పిమ్మట తెఱువవలెను. మెడకు, చేతులకు తడిబట్ట నద్దవలెను. మజ్జిగ, మంచినీరు దాహము లేకున్నను మాటిమాటికి ఈయవలెను. గదిలో వేడిమి 40 డిగ్రీలు దాటినప్పుడు వట్టి ఫ్యానుగాలి ఒంటికి మఱింత వేడినే యిచ్చును. తడిబట్టతో కూడినప్పుడే ఉపశమనము.

ఒడలు కాలుచు, మాట తడబడుచు, పరధ్యానము గాని స్పృహతప్పుట గాని కనబడిన అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోను చేసి, నీడకు చేర్చి, ఒడలెల్ల తడిపి విసరవలెను. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు. పెద్దవారు "నాకేమియు లేదమ్మా" యని చెప్పుదురు. వారి మాటను నమ్ముటకంటె వారి ముఖమును చూచుట మంచిది.

ఇంటిలో బియ్యపు డబ్బా అడుగంటుట, కుళాయి చుక్క కాఱుట గృహిణి కంటికి తప్పిపోవు. ఏసీయు నట్టి గృహవస్తువే. ఫాల్గుణమాసముననే ఒకనాడు జల్లెడ కడిగి, బయటి పెట్టె చుట్టును చోటు విడిపించి, థర్మామీటరుతో రెండంకెలు చూచి, క్యాలెండరు వెనుక వ్రాసియుంచుడు. వైశాఖమున గాలి చల్లగ రానినాడు ఆ యంకెలతో క్రొత్త యంకెలను పోల్చి చూచినచో, లోపము దుమ్ములోనున్నదో, ఎండలోనున్నదో, యంత్రములోనున్నదో మీకే తెలియును. అప్పుడు మెకానిక్కును పిలిచినను, తెలిసి పిలిచినవారగుదురు. సోదరీమణులు ఈ వేసవికి ముందే యీ చిన్నపనిని చేసికొందురని మా యాశ.